జాగ్రత్తగానే చేశాను మేడమ్

నోటు పుస్తకాలు దిద్దే విషయంలో నన్నెవరూ వేలెత్తి చూపలేరని ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నాకు గట్టి నమ్మకం ఉండేది. మార్కాపురం వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచర్ని. ఏడు నుంచి తొమ్మిది దాకా నా తరగతులు. శనివారం సాయంత్రం ఇంటికి బస్సెక్కానంటే రెండు గుడ్డ సంచుల నిండా పిల్లల పుస్తకాలే. ఆదివారం మధ్యాహ్నం గిన్నెలు కడిగేసి కూర్చుంటే దీపాలు పెట్టే వేళ దాకా అదే పని. ఏ లెక్కనీ వదిలేదాన్ని కాదు. ఒప్పుకి టిక్కు, తప్పుకి ఇంటూ, మార్జిన్‌లో ఒక మాట, పేజీ చివర మార్కు, పొట్టి సంతకం, తేదీ. ఎర్ర రీఫిల్లు డజన్ల లెక్కన కొనేదాన్ని.

మార్జిన్‌లో నేను రాసే మాటలు మీకు తెలియనివి కావు. మీ పుస్తకాల్లో మీ టీచర్లు రాసే ఉంటారు. మీరూ టీచరే అయితే ఈపాటికి కొన్ని వందలసార్లు రాసి ఉంటారు. ‘అజాగ్రత్త.’ ‘గుర్తులు చూసుకో.’ ‘శ్రద్ధ పెట్టాలి.’ ‘ఇంకా బాగా చేయగలవు.’ ‘గుడ్.’ ఇవి రాస్తున్నప్పుడు పిల్లలకి ఏదో అందిస్తున్నాననే అనుకునేదాన్ని. అందించాక కూడా అదే తప్పు మళ్లీ చేస్తే అది వాళ్ల లోపం. నా వంతు నేను చేశాను, సాక్ష్యం ఎర్రగా కాగితం మీదే ఉంది. తనిఖీకి వచ్చినవాళ్లు ముందు అడిగేది నోటు పుస్తకాలు దిద్దారా లేదా అనే. నా తరగతి పుస్తకాలు తిరగేసి హెడ్మాస్టరు గారితో మంచి మాట చెప్పి వెళ్లేవారు. దాంతో నా నమ్మకం ఇంకా బిగిసింది.

ఎనిమిదో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. వాళ్ల నాన్న పలకల రాయి కోసే చోట పనికి వెళ్లేవాడు. ఒద్దికైన పిల్ల. పుస్తకం అట్ట చిరగనివ్వదు, మార్జిన్ గీత వంకర పోనివ్వదు. అప్పుడు బీజీయ సమాసాల పాఠం నడుస్తోంది. ఆ పిల్ల చేసిన లెక్కల్లో కొన్ని ఒప్పు, కొన్ని తప్పు. తప్పులన్నీ ప్లస్సు, మైనస్సుల దగ్గరే. ఒకే పేజీలో పైన సరిగ్గా చేసిన పిల్ల కింద తప్పు చేసిందంటే దానికి కారణం ఇంకేముంటుంది? ‘గుర్తులు జాగ్రత్త’ అని రాశాను. తర్వాతి వారం కూడా అంతే. మళ్లీ అదే రాసి, కింద గీత గీశాను. ఆ తర్వాతి వారం ‘ఎన్నిసార్లు చెప్పాలి?’ అని రాశాను.

ఒకరోజు తరగతిలో పిల్లలకి అభ్యాసం ఇచ్చి, ఆ అమ్మాయిని టేబుల్ దగ్గరికి పిలిచాను. కొంచెం చిరాగ్గానే ఉన్నాను.

“ఇన్నిసార్లు రాస్తుంటే జాగ్రత్తగా చేయవేం?”

పుస్తకం వైపే చూస్తూ నిలబడింది. ఏడవలేదు. గొంతు మాత్రం బాగా తగ్గించి అంది. “జాగ్రత్తగానే చేశాను మేడమ్.”

ఎదురు చెబుతోందనుకున్నాను. మందలించబోతూ పేజీ మీదికి వంగాను. అప్పుడు కనిపించాయి, పెన్సిల్ చుక్కలు. ప్రతి ప్లస్సు మీద, ప్రతి మైనస్సు మీద, ఆవగింజంత చుక్క. అన్ని వారాలు దిద్దినా వాటిని నేను చూడనే లేదు.

“ఏంటివి?”

“గుర్తులు చూసుకోమన్నారు కదా మేడమ్. ఒక్కోటీ చూసుకుని చుక్క పెట్టుకున్నాను. ఏదీ మర్చిపోకుండా.”

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఆ పిల్ల నేను రాసింది చదివింది. చదివినదాన్ని అక్షరాలా పాటించింది. జాగ్రత్త పడమన్నాను, ఒక పిల్ల పడగలిగినంత జాగ్రత్త పడింది. అయినా లెక్క తప్పే. నేను చెప్పిన మందు వాడాక కూడా జబ్బు అలాగే ఉందంటే, మందే వేరే జబ్బుది. లోపం ఆ పిల్ల శ్రద్ధలో ఉందని మొదటి రోజే తీర్మానించుకుని, ఇక ఆ పేజీ వైపు చూడటం మానేసింది నేను.

ఏం చేయాలో తోచక, అప్పటిదాకా ఒక్కసారి కూడా అడగని మాట అడిగాను. “ఈ లెక్క ఎలా చేశావో చెప్పు.”

లెక్క ఇది: 5ఎక్స్ − (2ఎక్స్ − 3). ఆ పిల్ల జవాబు 3ఎక్స్ − 3.

“5ఎక్స్‌లోంచి 2ఎక్స్ తీసేశాను మేడమ్, 3ఎక్స్ వచ్చింది. 3కి ముందు మైనస్ ఉంది కాబట్టి మైనస్ 3.”

“మరి బ్రాకెట్ ముందున్న మైనస్సు?”

“అది 2ఎక్స్‌ది కదా మేడమ్. దాని పక్కనే ఉంది. 3కి దాని మైనస్సు దానికుంది.”

ఎంత సబబుగా ఉందో చూడండి. ఏ గుర్తు ఏ పదానికి ఆనుకుని ఉంటే అది దానిదే. ఆ పిల్ల దాన్నొక పద్ధతిగా పెట్టుకుని, ఎక్కడా తప్పకుండా పాటిస్తోంది. అప్పుడు పుస్తకం వెనక్కి తిప్పుతూ పోయాను. బ్రాకెట్ ముందు ప్లస్ ఉన్న లెక్కలన్నీ ఒప్పు. మైనస్ ఉన్నవన్నీ తప్పు. మధ్యలో ఒక్కటంటే ఒక్కటి కూడా అటూ ఇటూ కాలేదు. నేను అజాగ్రత్త అనుకున్నది నూటికి నూరుపాళ్లు క్రమం. అది నా ఎర్ర ఇంటూల మధ్యే కనబడుతూ ఉంది. టిక్కులూ ఇంటూలూ లెక్కబెట్టి మార్కు వేసే హడావుడిలో అవి ఎక్కడెక్కడ పడుతున్నాయో చూడలేదు.

చిత్తు కాగితం మీద 15 − (8 − 3) అని రాశాను. “కొట్టుకి 15 రూపాయలు తీసుకెళ్లావు. సబ్బు 8 రూపాయలన్నాడు, బేరమాడితే 3 తగ్గించాడు. నీ దగ్గర ఎంత మిగులుతుంది?”

“10.” ఆలోచించనైనా లేదు.

“ఇప్పుడు నువ్వు చేసే పద్ధతిలో చెయ్యి.”

15 − 8 − 3 అని రాసి, 4 అని వేసింది. ఆగింది. 10 వైపూ 4 వైపూ మార్చి మార్చి చూసింది. తర్వాత తనే అంది. “తగ్గించిన డబ్బులు కూడా నేనే కట్టినట్టయింది మేడమ్.”

అంతకంటే బాగా ఆ సూత్రాన్ని ఏ పాఠ్యపుస్తకమూ చెప్పలేదు. నేనూ ఏనాడూ చెప్పలేదు. బెంచీలోకి వెళ్లి కూర్చుని, పాత పేజీల్లో మైనస్ బ్రాకెట్లున్న లెక్కలన్నీ వరసగా దిద్దుకుంటూ పోయింది. ఇంటర్వెల్ గంట కొట్టేలోపు అన్ని వారాల తప్పులూ అయిపోయాయి. మధ్యలో ఒకసారి తలెత్తి చూస్తే ఆ పిల్ల నా వైపు చూడటం లేదు. పనిలో ఉంది.

ఆ ఆదివారం సంచులు ముందేసుకుని కూర్చున్నానే గానీ పెన్ను తీయబుద్ధి కాలేదు. తప్పు తెలియజెప్పడం మంచిదే కదా, మరి చెప్పినకొద్దీ పిల్లకి మేలు ఎందుకు జరగలేదన్నదే ప్రశ్న. ఈ ప్రశ్న నాకంటే ముందు చాలామంది వేసుకున్నారని వృత్యంతర శిక్షణలో విన్నదాన్ని బట్టి, తర్వాత చదివినదాన్ని బట్టి తెలిసింది. 1996లో అవ్రహామ్ క్లూగర్, ఏంజెలో డెనీసి అనే ఇద్దరు పరిశోధకులు, పనితీరు గురించి మనుషులకి అభిప్రాయం చెబితే ఏమవుతుందన్న అధ్యయనాలన్నీ పోగేసి చూశారు. మొత్తం మీద చెప్పడం వల్ల లాభమే ఉంది. కానీ మూడో వంతు కంటే ఎక్కువ సందర్భాల్లో, చెప్పిన తర్వాత పని ఇంకా దిగజారింది. చెప్పిన మాట మనసుని చేస్తున్న పని మీద నుంచి తప్పించి ‘నేనెలాంటిదాన్ని’ అనే ఆలోచన వైపు తిప్పినకొద్దీ దాని ప్రయోజనం తగ్గిపోతుందన్నది వాళ్ల వివరణ. ‘అజాగ్రత్త’ అనే మాట ఏ లెక్కకీ సంబంధించింది కాదు. అది ఆ పిల్ల స్వభావానికి నేను పెట్టిన పేరు. దాన్ని తీసుకుని ఒక పదమూడేళ్ల పిల్ల ఏం చేయగలదు? చుక్కలు పెట్టుకోగలదు.

మార్కు సంగతి ఇంకా కష్టంగా తగిలింది. ఇజ్రాయెల్‌లో రూత్ బట్లర్ చేసిన ప్రయోగం ఒకటుంది, 1988లో అచ్చయింది. పిల్లల్ని మూడు జట్లు చేశారు. చేసిన పనికి ఒక జట్టుకి మార్కులు మాత్రం ఇచ్చారు. ఇంకో జట్టుకి ఏది బాగుంది, ఏది మార్చాలి అనే మాటలు మాత్రం రాసిచ్చారు. మూడో జట్టుకి రెండూ ఇచ్చారు. మాటలు మాత్రం అందుకున్నవాళ్లే తర్వాతి పనిలో మెరుగయ్యారు. మార్కు, మాట రెండూ అందుకున్నవాళ్లు ఉత్త మార్కులు అందుకున్నవాళ్లలాగే మిగిలారు. పక్కన అంకె ఉంటే పిల్లల కన్ను మాట మీద నిలబడదన్న మాట. ఇది చదివాక సోమవారం పుస్తకాలు పంచుతూ పిల్లల్నే చూశాను. పుస్తకం అందుకోవడం, చివరి పేజీ తీయడం, అంకె చూడటం, పక్కవాడి అంకెతో పోల్చుకోవడం, పుస్తకం మూసి సంచిలో పెట్టుకోవడం. మార్జిన్ వైపు చూసినవాళ్లు దాదాపు లేరు. నా ఆదివారాలన్నీ ఆ మూసిన పుస్తకాల్లో ఉన్నాయి.

మా ప్రాంతం పలకలకి పేరు పడ్డ ఊళ్లది. మా నాయనమ్మ నాకు అక్షరాలు నేర్పింది పలక మీదే. ‘క’ కి తలకట్టు వంకరగా పెడితే, చెయ్యి పట్టుకుని తిన్నగా పెట్టించి, తుడిపించి, మళ్లీ రాయించేది. తప్పు చూపడం, మళ్లీ రాయడం రెండూ ఒకే విడతలో జరిగిపోయేవి. పలక మీద తప్పు మిగలదు, రేపటికి దాచుకోవడానికి ఏమీ ఉండదు. నోటు పుస్తకం వచ్చాక ఆ రెంటి మధ్య ఒక వారం దూరం పెరిగింది. పిల్ల మంగళవారం చేసిన లెక్కకి నేను ఆదివారం ఇంటూ వేస్తాను, సోమవారం పంచుతాను. ఈలోపు పాఠం మారిపోతుంది. మళ్లీ చేయడానికి చోటూ లేదు, వేళా లేదు. ఆర్కల్‌గుడ్ రామప్రసాద్ అనే మేనేజ్‌మెంట్ పండితుడు 1983లో రాసిన ఒక వ్యాసంలోని మాట ఇక్కడ నాకు బాగా అక్కరకొచ్చింది. ఉన్నదానికీ ఉండాల్సినదానికీ మధ్య ఎంత ఎడం ఉందో తెలిపే సమాచారం, ఆ ఎడాన్ని తగ్గించడానికి వాడినప్పుడే ఫీడ్‌బ్యాక్ అవుతుందంటాడాయన. వాడకపోతే కాదు. ఆ లెక్కన నేను రాసినదాంట్లో చాలాభాగం ఎవరికీ అందలేదు. అది నా డైరీ, పిల్లల పుస్తకాల్లో రాసుకున్నాను.

2009 నాటి విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్‌లో నిరంతర సమగ్ర మూల్యాంకనం అని స్పష్టంగానే ఉంది. పిల్ల నేర్చుకుంటున్నప్పుడే ఎక్కడ ఆగిపోయిందో చూసి చెయ్యందించమని దాని సారం. మన దగ్గర అది ఎఫ్‌ఏ, ఎస్‌ఏ (నిర్మాణాత్మక, సంగ్రహణాత్మక మూల్యాంకనాల) మార్కుల పట్టికలుగా తయారైంది. భాగస్వామ్యానికిన్ని, రాతపనికిన్ని, ప్రాజెక్టుకిన్ని, లఘు పరీక్షకిన్ని. సాయపడటానికని తెచ్చినదాన్ని కూడా ఇంకో అంకెగా మార్చేశాం. ఈ మాట మా స్టాఫ్ రూమ్‌లో అందరం అంటాం, అని మళ్లీ రిజిస్టరు నింపుతాం. రిజిస్టరు నేనూ నింపుతున్నాను. కానీ ఆ అంకె రిజిస్టరులో ఉంటే చాలు, నోటు పుస్తకంలో ఉండక్కర్లేదని నిర్ణయించుకున్నాను.

అలా నిర్ణయించుకున్న వెంటనే ఇంకో తప్పు చేశాను. మార్కు మానేసిన ఉత్సాహంలో పేజీకి అరపేజీ చొప్పున వ్యాఖ్యలు రాయడం మొదలుపెట్టాను. ఎక్కడ తప్పిందో, ఎందుకు తప్పిందో, సూత్రమేమిటో, ఏ పేజీ చూసుకోవాలో అన్నీ. సగంమంది పిల్లలకి నా చేతిరాత చదవడమే కష్టం. చదవగలిగినవాళ్లకి మాత్రం, ఆలోచించాల్సిందంతా నేనే ఆలోచించేశాక ఇక చేయడానికేం మిగిలింది? ఒక తల్లి వచ్చి, “మార్కులు వేయడం లేదు, పిల్లాడు ఎలా చదువుతున్నాడో మాకేం తెలుస్తుందమ్మా?” అని నిలదీసింది. ఆమె ప్రశ్న న్యాయమైనదే. నేను పిల్లవాడి పుస్తకం తెప్పించి, పోయిన నెల చేసిన లెక్క, ఈ నెల అదే రకం లెక్క పక్కపక్కన చూపించాను. ఆమెకి చదువు రాదు. అయినా కొట్టివేతలు ఎక్కడ తగ్గాయో వేలితో చూపించి మరీ చెప్పింది. ఆ రోజు నుంచి తల్లిదండ్రుల సమావేశానికి నేను మార్కుల జాబితా ఒక్కటే పట్టుకెళ్లడం మానేశాను.

పొడుగాటి వ్యాఖ్యల రోగం కుదరడానికి కొంతకాలం పట్టింది. బ్రిటన్‌లో డిలన్ విలియమ్, పాల్ బ్లాక్ 1998 నుంచీ ఈ విషయం మీద చాలా రాశారు. దిద్దినవాళ్ల కంటే దిద్దించుకున్నవాళ్లకి ఎక్కువ పని పడాలంటాడు విలియమ్. తప్పులెక్కడున్నాయో చూపించకుండా, ‘ఈ పేజీలో మూడు తప్పులున్నాయి, పట్టుకో’ అని రాసి ఇమ్మన్న చిట్కా ఆయనదే. ఇప్పుడు నేను చేసేది దాదాపు అంతే. అన్ని లెక్కలూ దిద్దను. తప్పులో వరస ఏదైనా ఉందేమో చూస్తాను. ఉంటే ఆ వరసకి సంబంధించి ఒకే ఒక్క ప్రశ్న రాస్తాను. ‘బ్రాకెట్ ముందు ప్లస్ ఉన్నప్పుడు ఏం చేశావు, మైనస్ ఉన్నప్పుడు ఏం చేశావు? రెండూ పక్కపక్కన రాసి చూడు.’ పుస్తకాలు పంచిన పిరియడ్‌లో కొత్త పాఠం మొదలుపెట్టను. మొదటి సగం పిల్లలు దిద్దుకోవడానికే. సిలబస్ వెనకబడుతుందని భయపడ్డాను గానీ, చెప్పిందే మళ్లీ చెప్పాల్సిన పని తగ్గింది కాబట్టి ఏడాది చివరికి సరిపోయింది. పరీక్షలు ముంచుకొచ్చినప్పుడు, ఒంట్లో బాగోలేనప్పుడు మళ్లీ టిక్కు, ఇంటూల్లోకి జారిపోతూనే ఉంటాను. ఆ వారం పుస్తకాలు పంచుతున్నప్పుడు పిల్లల చేతులు చివరి పేజీకి వెళ్లడం చూస్తే తెలిసిపోతుంది.

ఇంతవరకూ పిల్లలకి చెప్పడం గురించి. నాకు ఎవరైనా చెబితే నేనేం చేసేదాన్నో గుర్తు రావడానికి ఇంకా సమయం పట్టింది. అది ఇంతకంటే పాత సంగతి.

ఉద్యోగంలో చేరిన మొదట్లో, చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో నమూనా పాఠం చెప్పమన్నారు. చతుర్భుజాల పాఠం తీసుకున్నాను. రంగు కాగితాలు కత్తిరించి, మూలలు చించి, నాలుగు కోణాలూ ఒకచోట చేర్చి 360 డిగ్రీలు చూపించాను. అయిపోయాక ఒకరి తర్వాత ఒకరు లేచి చాలా బాగుందన్నారు. చివర్లో పక్క మండలం నుంచి వచ్చిన పెద్ద మాస్టారు ఒకాయన లేచారు. “అమ్మా, ప్రశ్నలు మంచివి వేశారు. కానీ జవాబులన్నీ మీరే చెప్పారు. అడిగాక కాస్త ఆగి చూడండి” అన్నారు.

“పిరియడ్ నలభై నిమిషాలే కదండీ” అన్నాను వెంటనే. ఆయన “అవునమ్మా” అని కూర్చున్నారు. తిరుగు ప్రయాణంలో బస్సులో నాతో నేను వాదించుకుంటూనే ఉన్నాను. రిటైర్మెంటు దగ్గర పడ్డవాళ్లకి కొత్త పద్ధతులు నచ్చవు. అందరూ బాగుందన్నాక ఏదో ఒకటి అనాలని అన్నారు. అంతమంది ముందు చెప్పకపోతే ఏం పోయింది? ఊరు వచ్చేసరికి ఆయన చెప్పిన మాట మాయమైపోయి ఆయన ఎలాంటి మనిషి అన్నదొక్కటే మిగిలింది. బాగుందన్నవాళ్ల మాటలు మాత్రం ఇంటిదాకా మోసుకెళ్లి మా వారికి చెప్పాను. వాటిల్లో మర్నాడు తరగతిలో వాడుకోదగ్గది ఒక్క ముక్క లేదు.

ఆ అమ్మాయికి నేను చేసింది, నాకు నేను చేసుకున్నది ఒకటే. ఆ పిల్ల తప్పుని చూడకుండా పిల్ల స్వభావాన్ని నిర్ణయించాను. మాస్టారు చూపిన తప్పుని చూడకుండా మాస్టారి స్వభావాన్ని నిర్ణయించాను. ఒక తేడా ఉంది. ఆ పిల్ల నా మాట తీసుకుని, దాంతో ఏదో ఒకటి చేయాలని చుక్కలైనా పెట్టింది. నేను ఆయన మాటతో ఏమీ చేయలేదు.

ఇదంతా గుర్తొచ్చాక ఒకరోజు ఫోన్‌లో రికార్డర్ పెట్టి టేబుల్ మీద బోర్లించి పాఠం చెప్పాను. సాయంత్రం ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని విన్నాను. “దీని వ్యాసార్థం ఎంత? ఏడు కదా?” “ఇప్పుడేం చేయాలి? రెండు వైపులా భాగించాలి, అవునా?” ప్రశ్న, జవాబు ఒకే గుక్కలో. తరగతంతా కలిసి “అవును మేడమ్” అనడమొక్కటే పిల్లల వంతు. అమెరికాలో మేరీ బడ్ రో అనే ఆవిడ 1970లలో తరగతి గదుల రికార్డింగులు విని, టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక్క సెకను కూడా ఆగడం లేదనీ, మూడు సెకన్లు ఆగితే చాలు పిల్లల జవాబుల పొడవు, నాణ్యత మారిపోతున్నాయనీ చూపించింది. నేను ఆ ఒక్క సెకను కూడా ఇవ్వలేదు. మాస్టారు చెప్పింది నా మీద అభిప్రాయం కాదు. గడియారం పెట్టి కొలుచుకోదగ్గ విషయం. కొలవడానికి నాకు అన్నేళ్లు పట్టింది.

ఆగడం చూడటానికి చిన్న పనే. తరగతిలో మూడు సెకన్ల నిశ్శబ్దం ఎంత పొడుగ్గా ఉంటుందో నిలబడి చూడాలి. మొదట్లో పిడికిట్లో వేళ్లు ముడుచుకుంటూ లెక్కపెట్టేదాన్ని. పిల్లలు కూడా అలవాటు పడలేదు, మేడమ్ చెప్పేస్తుందిలే అని చూస్తూ కూర్చునేవాళ్లు. కొన్ని వారాలకి వెనక బెంచీలోంచి ఎప్పుడూ వినని గొంతులు వినపడటం మొదలైంది.

అందరూ చెప్పినవన్నీ తలకెత్తుకోవాలని నేననను. ఒకసారి తనిఖీకి వచ్చిన ఒకాయన, పిల్లలు ఒకరి పుస్తకం ఒకరు చూసుకుంటూ మాట్లాడుకోవడం క్రమశిక్షణ కాదన్నారు. రెండు రోజులు ఆలోచించాను. వాళ్లు మాట్లాడుకుంటున్నది లెక్క గురించా కాదా అని బెంచీల మధ్య తిరుగుతూ విన్నాను. లెక్క గురించే. ఆ సలహా అక్కడ పక్కన పెట్టాను. ఎవరేం చెప్పినా ఇప్పుడు నేను అడిగే ప్రశ్న ఒకటే. “ఎక్కడ కనిపించిందండీ?” చెప్పినవాళ్లు చోటు చూపించగలిగితే వెళ్లి చూస్తాను. చూపించలేకపోతే కోపం పెట్టుకోను, పని కూడా పెట్టుకోను. ఆ క్షణంలో సమాధానం చెప్పకుండా ఉండటం మాత్రం నాకిప్పటికీ కష్టం. “పిరియడ్ నలభై నిమిషాలే కదండీ” అనే మాట నాలుక చివరనే ఉంటుంది.

మాస్టారి నంబరు సంపాదించి ఫోన్ చేశాను. రిటైరై ఒంగోల్లో ఉంటున్నారు. నమూనా పాఠం, రంగు కాగితాలు అన్నీ గుర్తు చేశాను. ఆయనకేమీ గుర్తు లేదు. క్షమించమని అడగాలని చేశాను గానీ ఆయన ఆ సందు ఇవ్వలేదు.

“సరే గానీ అమ్మా, ఇప్పుడు ఎంతసేపు ఆగుతున్నారు?”

చెప్పాను. ఎవరైనా వచ్చి వెనక కూర్చుంటే మాత్రం మళ్లీ కంగారుగా జవాబులు చెప్పేస్తున్నానని కూడా చెప్పాను. ఒక పిరియడ్ రికార్డు చేసి పంపమన్నారు. పంపాను. రెండు రోజుల తర్వాత ఆయనే ఫోన్ చేశారు. పొగడలేదు. ఆగుతున్నారు, వినిపిస్తోందన్నారు. జవాబు చెప్పమని పిలుస్తున్న పేర్లు మళ్లీ మళ్లీ అవే వస్తున్నాయి, రాసుకుని చూసుకోమన్నారు. ఇంకొకటి చెప్పడానికి కాస్త ఆలోచించినట్టున్నారు.

“అమ్మా, మీరు ‘ఎలా వచ్చింది?’ అని అడగ్గానే ఒక పిల్లవాడు ‘తప్పా మేడమ్?’ అన్నాడు, విన్నారా?”

వినలేదు. ఆ రికార్డింగు నేను ముందే విన్నాను, అయినా అది చెవిన పడలేదు. మళ్లీ విన్నాను. సరైన జవాబు వస్తే “గుడ్” అని ముందుకెళ్లిపోతున్నాను. తప్పు జవాబు వచ్చినప్పుడే “ఎలా వచ్చింది?” అంటున్నాను. ఆ అమ్మాయి దగ్గర నేర్చుకున్న ప్రశ్నే పిల్లల చెవికి ఇంకో రకం ఇంటూ అయి కూర్చుంది. ఈ టర్మ్‌లో సరైన జవాబులకి కూడా “ఎలా వచ్చింది?” అని అడుగుతున్నాను. మొదలుపెట్టిన రోజున ఒక అబ్బాయి నేనలా అడగ్గానే రబ్బరు తీసి సరిగ్గా చేసిన లెక్కనే చెరిపేశాడు. వాడి పక్కన కూర్చుని, చెరిపేసింది మళ్లీ రాయించి, ఎలా వచ్చిందో చెప్పించుకున్నాను. నేను బోర్డు మీద చూపించిన దారి కాదు వాడిది, అంతకంటే ఒక మెట్టు ముందే జవాబుకి చేరేది. మర్నాడు బోర్డు మీద దాన్ని వాడి చేతే రాయించాను.